నాన్న సన్నగా ఉన్నడు, షుగర్ మాత్రం ఎక్కువ. వారానికోసారి వేసే ఇంజెక్షన్ ఇప్పించొచ్చా?

దిల్‌సుఖ్‌నగర్_సాయి | సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. మా నాన్న గురించి అడుగుదామని రాస్తున్న, కొంచెం పొడుగైతది, చదవండి ప్లీజ్. నాన్నకి 49, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 51 కిలోలు. షుగర్ తెలిసి తొమ్మిదేండ్లు, మొదట ట్యాబ్లెట్లు, మూడేండ్ల నుంచి రెండు పూటలా ఇన్సులిన్. మొన్న మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4 వచ్చింది. మాకు సమజ్ కానిది ఏందంటే పొద్దున 340 ఉంటది, అదే రోజు రాత్రి రెండింటికి చెమటలు పట్టి వణుకుతుంటడు, చూస్తే 48. పోయిన నెల రెండుసార్లు అమ్మ గ్లూకోజ్ నీళ్లు తాగించి లేపింది. మా ఆఫీసుల ఒకాయన వారానికోసారి ఇంజెక్షన్ తీసుకుంటుండు, నాలుగు నెలల్ల షుగర్ కంట్రోల్‌కి వచ్చింది, ఇన్సులిన్ కూడా తగ్గించిండ్రట. నాన్నకి రోజుకి రెండు సూదుల బాధ తప్పుతదేమో అని ఆశ. పైసలు ఎట్లనో తిప్పలు పడత. ఎవరికన్నా అనుభవం ఉంటే చెప్పండి.

కవిత_మణికొండ | సోమవారం రాత్రి 11:05

సాయీ, నేను మౌంజారో అనే వారం ఇంజెక్షన్ మీద ఎనిమిది నెలలుగా ఉన్నా. మొదలుపెట్టినప్పుడు 96 కిలోలు, ఇప్పుడు 83, షుగర్ కూడా చాలా బాగుంది, నా వరకు మంచే జరిగింది. కానీ మీ నాన్నగారి బరువు చదవగానే గుండె ఝల్లుమంది. మొదటి రెండు నెలలు నాకు పోపు వాసన వస్తేనే వికారం, రెండు ఇడ్లీలు తినడానికి గంట పట్టేది, మా అత్తగారు కంగారుపడి పక్కన కూర్చుని తినిపించేవారు. నా దగ్గర తగ్గడానికి బరువుంది కాబట్టి సరిపోయింది. 51 కిలోల మనిషికి ఆ ఆకలి కూడా పోతే ఎలా? డాక్టర్‌ని అడక్కుండా మాత్రం వద్దు తమ్ముడూ.

కూకట్‌పల్లి_మెడికల్‌షాప్ | సోమవారం రాత్రి 11:30

కవిత మేడమ్ చెప్పింది కరెక్ట్. మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది, జూన్‌లో అలాంటిదే వెగోవీ వచ్చింది, అందులో ఉండే సెమాగ్లుటైడ్ అనే మందు పేటెంట్ గడువేమో ఇక్కడ 2026 మార్చి వరకే, ఇక అప్పటి నుంచి షాపుకొచ్చి చీటీ లేకుండా అడిగేవాళ్లు రోజుకి ఎంతమందో. నేను ఇవ్వను, తిట్టుకుంటూ పోతారు, పోనీ.

సాయీ ఒకటి అడుగుతా ఏమీ అనుకోకు. నాన్నకి కడుపునొప్పి ఏమన్నా ఉంటుందా? ఎందుకంటే అచ్చం ఇట్లాగే సన్నటి మనిషి ఒకాయన, షుగర్ పేషెంటే, మా షాపులో ఏళ్ల తరబడి గ్యాస్ ట్యాబ్లెట్లు, నొప్పి ట్యాబ్లెట్లు కొనుక్కుని వెళ్లేవాడు. చివరికి స్కాన్ తీస్తే క్లోమంలో, అదే ప్యాంక్రియాస్‌లో, రాళ్లు. ముందే అడిగుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ బాధ.

దిల్‌సుఖ్‌నగర్_సాయి | మంగళవారం ఉదయం 7:15

అన్నా నువ్వు అడిగినంక రాత్రి నాన్నని కూసోబెట్టి అడిగిన. నొప్పి ఉంది. ఇంటర్ చదివేటప్పటి నుంచే ఉందట! తిన్న అరగంటకి పై కడుపుల మొదలై వీపులకి పాకుతది, ముందుకు వంగి మోకాళ్లు పట్టుకుని కూసుంటే కొంచెం తగ్గుతది. అందరూ గ్యాస్ ట్రబుల్ అనే అన్నరు, ఆయన కూడా అదే అనుకున్నడు. ఇంకోటి, ఇది నాకు చెప్పనీకే చాలా సిగ్గుపడ్డడు, మోషన్‌ల నూనె తేలినట్టు ఉంటదట, నీళ్లు పోసినా తొందరగ పోదట, వాసన ఎక్కువట. ఏ డాక్టర్‌కీ చెప్పలే, వాళ్లూ అడగలే. అమ్మ ఎప్పుడూ అంటుంటది, ఈయన తిన్నది ఒంటికి పట్టదు అని. మందు, సిగరెట్ ఏదీ అలవాటు లేదు. ఇది షుగర్‌కి సంబంధమేనా?

మాధవి_తార్నాక | మంగళవారం ఉదయం 9:50

సాయిగారూ, సంబంధం ఉంది, చాలా దగ్గరి సంబంధం. నేను డాక్టర్‌ని కాదు, బయోకెమిస్ట్రీ చెప్తాను, పేగు హార్మోన్ల మీదే కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

క్లోమం రెండు పనులు చేస్తుంది. ఎక్కువ భాగం జీర్ణరసం తయారుచేసి పేగులోకి పంపిస్తుంది, అందులోనే కొవ్వుని కరిగించే లైపేజ్ ఉంటుంది. మధ్యమధ్యలో చిన్న చిన్న దీవుల్లా ఉండే కణాల గుంపులు ఇన్సులిన్ చేస్తాయి, 1869లో లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి వాటిని మొదట గుర్తించాడు. షుగర్ అనగానే మనకి దీవులే గుర్తొస్తాయి, చుట్టూ ఉన్న గ్రంథి సంగతి మర్చిపోతాం. చుట్టూ ఉన్నది ఏళ్ల తరబడి వాచి, గట్టిపడి, రాళ్లు కట్టిందనుకోండి, ముందు కొవ్వు అరగదు, మీ నాన్నగారు చెప్పిన నూనె మోషన్ అదే, తర్వాత మెల్లగా దీవులు కూడా పోతాయి. అలా వచ్చే షుగర్‌ని టైప్ 3సీ అంటారు. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే అదే అయ్యుండొచ్చని నా అనుమానం, పరీక్షలు చేస్తేగానీ తేలదు.

340 నుంచి 48కి పడిపోవడం చూసి మీకు అర్థం కాలేదన్నారు కదా. ఆ దీవుల్లో ఇన్సులిన్ కణాలతో పాటు గ్లూకగాన్ అనే ఇంకో హార్మోన్ చేసే కణాలూ ఉంటాయి. షుగర్ పడిపోతుంటే లివర్‌లో దాచిన చక్కెరని బయటికి తీసి మనిషిని నిలబెట్టేది గ్లూకగానే. టైప్ 2లో అది ఉంటుంది, ఎక్కువే ఉంటుంది. క్లోమం మొత్తం దెబ్బతింటే రెండూ పోతాయి, అంటే బండికి యాక్సిలరేటరూ లేదు బ్రేకూ లేదు. అందుకే ఇన్సులిన్ ఒక్క రెండు యూనిట్లు ఎక్కువైనా రాత్రి ప్రాణం మీదికి వస్తుంది.

హన్మకొండోడు | మంగళవారం మధ్యాహ్నం 1:20

తమ్మీ సాయీ, మీ నాయన కథ చదువుతుంటే నా కథ లెక్కనే ఉన్నది. నాకు పద్నాలుగేండ్లప్పుడు మొదలైంది నొప్పి, బడి ఎగ్గొట్టనీకి నటిస్తుండు అన్నరు. ఇరవై ఆరేండ్లకు షుగర్ వచ్చింది. అప్పుడు గూడ ఎవలూ కడుపు స్కాన్ చేయలే. ముప్పై ఒకటికి నొప్పి తట్టుకోలేక హైద్రాబాద్ వస్తే సీటీ తీసి చూపెట్టిన్రు, నాళం నిండా తెల్లగ రాళ్లు, ముత్యాల దండ లెక్క. బయట నుంచి షాక్ కొట్టి పొడి చేసిన్రు, తర్వాత నోట్ల నుంచి గొట్టమేసి ఆ పొడి తీసిన్రు. నొప్పి నూటికి ఎనభై వంతులు పోయింది. షుగర్ మాత్రం పోలే, పోదని ముందే చెప్పిన్రు. మీ నాయనకు సీటీ తీపియ్యి ముందు, ఆలస్యం చేయకు.

ప్రకృతి_రమేష్ | మంగళవారం మధ్యాహ్నం 3:00

ఈ సూదులు, స్కాన్లు అన్నీ వ్యాపారం. ఇన్సులిన్ ఆపేసి 21 రోజులు కొర్రలు, కాకరకాయ రసం, సాయంత్రం ఉపవాసం చేయించండి, క్లోమం దానంతట అదే కోలుకుంటుంది. మా బంధువుల్లో ముగ్గురికి తగ్గింది.

డా_నైట్‌డ్యూటీ | మంగళవారం మధ్యాహ్నం 3:25

సాయీ, పై పోస్టులో ఆపమన్నారని ఇన్సులిన్ ఆపొద్దు, ఈ ఒక్క మాట కోసమే డ్యూటీ మధ్యలో రాస్తున్నా. కొర్రలు తినండి, కాకరకాయ తినండి, ఎవరూ వద్దనరు. కానీ ఇన్సులిన్ తయారయ్యే కణాలే పోయిన మనిషికి బయటి ఇన్సులిన్ ఆపితే ప్రాణానికే ప్రమాదం, 51 కిలోల మనిషిని ఉపవాసం పెడితే ఇంకా ప్రమాదం. రమేష్ గారూ, మీ బంధువులకి తగ్గడం సంతోషం, వాళ్లది బరువు వల్ల వచ్చిన టైప్ 2 అయ్యుంటుంది, బరువు తగ్గితే అది నిజంగానే చాలావరకు వెనక్కి వెళ్తుంది. ఇది ఆ జబ్బులా లేదు.

ఇప్పుడు చేయించాల్సినవి: కడుపు సీటీ స్కాన్, ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్ రక్తపరీక్ష, మలంలో ఎలాస్టేజ్ పరీక్ష. ఎలాస్టేజ్ 200 పైన ఉంటే మామూలు, 100 లోపు ఉంటే క్లోమరసం బాగా తగ్గినట్టు. శాంపిల్ నీళ్ల విరేచనం అయితే అబద్ధంగా తక్కువ చూపిస్తుంది, గట్టిగా ఉన్న రోజే ఇవ్వండి. విటమిన్ డి కూడా చూపించండి, కొవ్వు అరగకపోతే ఎ, డి, ఇ, కె నాలుగూ ఒంటికి పట్టవు, ఎముకలు గుల్లబారతాయి. రాత్రి షుగర్ లో అవుతోంది కాబట్టి రేపే మీ డాక్టర్‌ని కలిసి రాత్రి డోసు గురించి మాట్లాడండి, సీటీ దాకా ఆగొద్దు.

వారం ఇంజెక్షన్ సంగతి. క్లోమానికి వాపు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకి మేం అది రాయం.

కవిత_మణికొండ | మంగళవారం సాయంత్రం 6:10

డాక్టర్ గారూ, నాకు భయం పట్టుకుంది ఇప్పుడు. నేను తీసుకునే ఇంజెక్షన్ వల్ల క్లోమం పాడవుతుందా? గూగుల్‌లో చూస్తే తలోమాట ఉంది.

డా_నైట్‌డ్యూటీ | మంగళవారం రాత్రి 9:40

కంగారుపడకండి మేడమ్. ఈ అనుమానం పాతదే, 2013లో పెద్ద గొడవైంది. అమెరికా ఎఫ్‌డీఏ, యూరప్ మందుల సంస్థ రెండూ కలిసి డేటా అంతా తిరగేసి 2014లో చెప్పిందేంటంటే, ఈ మందులే క్లోమం వాపుకి, క్యాన్సర్‌కి కారణం అనే మాట ఉన్న ఆధారాలతో పొసగట్లేదు అని. అయినా మందు లేబుల్ మీద హెచ్చరిక ఉంచారు. గాల్ బ్లాడర్‌లో రాళ్లు మాత్రం ఈ మందులతో కొంచెం ఎక్కువే, బరువు వేగంగా తగ్గినా వస్తాయి, ఆ రాయి జారి క్లోమం దారికి అడ్డం పడితే వాపు వస్తుంది. అందుకే పై కడుపులో ఆగకుండా గట్టి నొప్పి, వీపులోకి పోతూ, వాంతులతో వస్తే తర్వాతి ఇంజెక్షన్ వేసుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, లైపేజ్ పరీక్ష చేస్తారు. మామూలు వికారం వేరు, ఇది వేరు, వస్తే మీకే తేడా తెలుస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్_సాయి | మంగళవారం రాత్రి 10:20

థాంక్యూ సార్. రేపు హాఫ్ డే లీవ్ పెట్టిన. కానీ ఒకటి సమజ్ కాలే, ఆ ఇంజెక్షన్ మా ఆఫీసాయనకు అంత మంచిగ పనిచేసి నాన్నకి ఎందుకు పనిచేయదు? ఇద్దరిదీ షుగరే కద.

మాధవి_తార్నాక | మంగళవారం రాత్రి 11:45

మంచి ప్రశ్న అడిగారు, దీనికి నూట ఇరవై ఏళ్ల వెనక్కి వెళ్లాలి.

1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అని ఇద్దరు కుక్క పేగు ముక్కకి ఉన్న నరాలన్నీ తెంపేసి అందులో కొంచెం ఆమ్లం పోశారు. నరం లేకుండా క్లోమానికి కబురు ఎలా వెళ్తుంది? వెళ్లింది, క్లోమం రసం వదిలింది. అంటే పేగు రక్తంలోకే ఏదో పంపిస్తోంది. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు, అలాంటి కబురు మోసే పదార్థాలకి హార్మోన్ అనే మాటని 1905లో స్టార్లింగే వాడుకలోకి తెచ్చాడు. అంటే హార్మోన్ అనే మాట పుట్టిందే పేగుకీ క్లోమానికీ మధ్య నడిచే ఈ సంభాషణ వల్ల. ఇది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు, అందుకే ఈ లైన్లోకి వచ్చాను.

తర్వాత 1960లలో ఇంకో సంగతి బయటపడింది. ఒకే మనిషికి ఒకసారి గ్లూకోజ్ నోటితో ఇచ్చి, ఇంకోసారి నరంలోకి ఎక్కించి, రక్తంలో చక్కెర రెండుసార్లూ ఒకే స్థాయిలో ఉంచినా నోటితో తాగినప్పుడు ఇన్సులిన్ చాలా ఎక్కువ వస్తుంది. భోజనం తర్వాత వచ్చే ఇన్సులిన్‌లో సగానికి పైగా పేగు చెప్పబట్టి వచ్చేదే. ఆ చెప్పేవాటిలో ముఖ్యమైన పేగు హార్మోన్లు రెండు, జీఐపీ, జీఎల్‌పీ-1. మీ ఆఫీసాయన ఇంజెక్షన్ ఈ కబురుకి నకలు. అసలు జీఎల్‌పీ-1 ఒంట్లో రెండు నిమిషాలే ఉంటుంది, డీపీపీ-4 అనే ఎంజైమ్ తినేస్తుంది. మన మెడికల్ షాపుల్లో గ్లిప్టిన్ ట్యాబ్లెట్లు ఉంటాయే, అవి ఆ ఎంజైమ్‌ని ఆపేవి. ఇంకో దారి, ఆ ఎంజైమ్‌కి లొంగని నకలు తయారుచేయడం. 1992లో జాన్ ఎంగ్ అనే అమెరికన్ డాక్టర్ గిలా మాన్‌స్టర్ అనే ఎడారి బల్లి విషంలో అలాంటిది కనిపెట్టాడు, దాని నుంచి వచ్చిన మందుకి 2005లో అనుమతి వచ్చింది. సెమాగ్లుటైడ్ వారం ఉంటుంది, మౌంజారో అయితే జీఐపీ, జీఎల్‌పీ-1 రెండు కబుర్లూ కలిపి మోస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. కబురు ఎంత గట్టిగా పంపినా ఇంట్లో మనిషి ఉండాలి కదా తలుపు తీయడానికి. మీ ఆఫీసాయన ఒంట్లో ఇన్సులిన్ కణాలు ఇంకా ఉన్నాయి, అలసిపోయి ఉన్నాయి, గట్టిగా పిలిస్తే పలికాయి. నాన్నగారి క్లోమంలో కణాలే పోయుంటే పలికేది ఎవరు? మిగిలేది ఆ మందు ఆకలి చంపే గుణం ఒక్కటే, అది ఆయనకి అస్సలు కూడదు.

రామంతాపూర్_సుబ్బారావు | బుధవారం ఉదయం 6:30

అమ్మా మాధవీ, చాలా బాగా చెప్పావు. నా వయసు 63. నాకు ఆర్నెల్ల క్రితం కొత్తగా షుగర్ వచ్చింది, మా వంశంలో ఎవరికీ లేదు. ఏమీ చేయకుండానే ఏడు కిలోలు తగ్గాను. అందరూ షుగర్ వస్తే తగ్గుతారులే అంటున్నారు. ఈ క్లోమం కబుర్లు చదివాక నేనూ స్కాన్ తీయించుకోవాలా అని అనుమానం.

డా_నైట్‌డ్యూటీ | బుధవారం ఉదయం 8:15

బాబాయ్ గారూ, ఈ వారంలోనే తీయించుకోండి. భయపెట్టడానికి కాదు. యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చినవాళ్లని అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు, డాక్టర్ సురేష్ చారి బృందం, గమనించి 2005లో రాసింది ఏంటంటే, మూడేళ్లలోపు సుమారు నూటికి ఒకరికి క్లోమం క్యాన్సర్ బయటపడింది. నూటికి తొంభై తొమ్మిది మందికి కాదు, అది గుర్తుపెట్టుకోండి. కానీ వయసు, కారణం లేకుండా బరువు పడిపోవడం, షుగర్ వేగంగా పెరగడం, ఈ మూడూ కలిస్తే ఊరుకోకూడదు. క్లోమం కోసం ప్రత్యేకంగా తీసే సీటీ అని అడగండి.

హన్మకొండోడు | బుధవారం మధ్యాహ్నం 12:50

మాధవి అక్కా, నాకు ఏండ్ల నుంచి ఒక ప్రశ్న. మందు తాగనోళ్లకు, గంత చిన్నప్పుడే ఇది ఎందుకొస్తది? మా ఊర్ల తిండి సరిగ లేక అన్నరు, ఇంకొకాయన కర్రపెండలం తింటే వస్తది అన్నడు, మేం అది తిననే తినం. ఇప్పుడు టైప్ 5 అని కొత్త పేరు ఇంటున్న, అదీ ఇదీ ఒకటేనా?

మాధవి_తార్నాక | బుధవారం రాత్రి 10:30

అన్నయ్యా, ఆ పెండలం మాట కేరళ నుంచి వచ్చింది. 1959లో ఇండోనేషియాలో జ్యుడెమా అనే డాక్టర్ పేద, బక్కచిక్కిన రోగుల్లో ఈ రాళ్లు, షుగర్ కలిపి చూశాడు, తర్వాత కేరళలో చాలా కేసులు కనిపించాయి, అక్కడ పెండలం ఎక్కువ తింటారు కాబట్టి అందులోని సైనైడ్ మీద అనుమానం పోయింది. రుజువు కాలేదు, పెండలం ముట్టనివాళ్లకీ వస్తోంది కదా, మీరే ఉన్నారు.

అసలు మలుపు మన హైదరాబాద్‌లోనే జరిగింది. హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ చందక్ గారి బృందం, ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లతో కలిసి 2002లో చూపించింది స్పింక్1 అనే జన్యువులో మార్పు ఈ రోగుల్లో ఎక్కువగా ఉందని. దాని పని ఏంటంటే, క్లోమం చేసే ట్రిప్సిన్ మాంసకృత్తుల్ని కోసే కత్తి లాంటిది, పేగులోకి వెళ్లాకే ఒరలోంచి బయటికి రావాలి. పొరపాటున క్లోమంలోనే బయటికొస్తే పట్టుకుని ఆపే కాపలా స్పింక్1. కాపలా బలహీనమైతే క్లోమం తనని తానే కొంచెం కొంచెం కోసుకుంటుంది. అయితే ఈ మార్పు జబ్బు లేనివాళ్లలో కూడా కొద్దిమందికి ఉంటుంది, కాబట్టి అది ఒక్కటే చాలదు, ఇంకేవో కలవాలి. సాయిగారూ, మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది, నాన్నకి ఉంటే మీకు వచ్చి తీరుతుందని కాదు. నొప్పి ఉంటే చూపించుకోండి, సిగరెట్, మందు జోలికి మాత్రం వెళ్లకండి.

టైప్ 5 వేరు. అది చిన్నప్పటి నుంచి తిండి చాలక వచ్చే షుగర్, క్లోమంలో రాళ్లు ఉండవు. 1985లో డబ్ల్యూహెచ్‌ఓ రెండింటినీ పోషకాహార లోపం షుగర్ అని ఒకే గొడుగు కింద పెట్టింది, 1999లో ఆ గొడుగు తీసేసింది. రాళ్ల రకం క్లోమం జబ్బుల్లోకి వెళ్లింది, రెండోదానికి చిరునామానే లేకుండా పోయింది. వెల్లూరు సీఎంసీ వాళ్లు ఏళ్లపాటు పట్టుబట్టి పనిచేస్తే 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ దానికి టైప్ 5 అని పేరిచ్చింది. సన్నటి పేదవాళ్ల షుగర్‌ని ఇన్నేళ్లు ఎవరూ పట్టించుకోకపోవడం నాకు చాలా కోపం తెప్పించే విషయం. లావుగా ఉన్నవాళ్ల కోసం రాసిన పుస్తకం చూసి వీళ్లకి కూడా తిండి తగ్గించమని చెప్పి పంపించారు.

దిల్‌సుఖ్‌నగర్_సాయి | మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:30

అందరికీ మళ్లా నమస్తే. లేట్ అయింది, రిపోర్టులన్నీ వచ్చినంకనే రాద్దామని ఆగిన. సీటీల క్లోమం ఎండిపోయినట్టు సన్నగ ఉంది, నాళం ఉబ్బింది, నాళంల పెద్ద రాయి ఒకటి, చిన్నవి చాలా. ఎలాస్టేజ్ 38. సీ-పెప్టైడ్ చాలా తక్కువ. డాక్టర్ టైప్ 3సీ అనే రాసిండు. తొమ్మిదేండ్లు టైప్ 2 అని రాసిన ఫైలు చూపిస్తే ఆయన ఏమనలే, కొత్త ఫైలు తెరిచిండు.

రాత్రి ఇన్సులిన్ తగ్గించి మార్చిండ్రు, 20 రోజుల నుంచి రాత్రి ఒక్కసారి కూడా లో కాలే. జీర్ణరసం క్యాప్సూల్స్ మొదలుపెట్టిండ్రు, అన్నం తినేటప్పుడు మొదటి ముద్దతో ఒకటి, మధ్యల ఒకటి. నాన్న శాకాహారి, అవి పంది క్లోమం నుంచి తీస్తరని డాక్టర్ ముందే చెప్పిండు. ఇంటికొచ్చినంక రెండు రోజులు వేసుకోలే. మూడో రోజు అమ్మనే అన్నది, మందుల లెక్క తీసుకో, నువ్వు నిలబడితే చాలు అని. వేసుకున్నడు. వారానికే మోషన్ బాగైంది. బరువు 52.6 అయింది.

నిన్న అమ్మ ముద్దపప్పు, నెయ్యి పెట్టింది. పదేండ్ల నుంచి నెయ్యి అంటే భయపడే మనిషి రెండోసారి పప్పు అడిగి పెట్టించుకున్నడు, అమ్మ వంటింట్లకు పోయి ఏడ్చింది.

డా_నైట్‌డ్యూటీ | ఆదివారం సాయంత్రం 7:00

చాలా సంతోషం సాయీ. ఒక జాగ్రత్త. క్యాప్సూల్స్‌తో తిండి అరగడం మొదలైంది కాబట్టి తిన్న తర్వాత షుగర్ పెరగొచ్చు, అది మందు చెడు కాదు, తిండి ఒంటికి పడుతోందని. పగటి ఇన్సులిన్ కొంచెం పెంచాల్సి రావొచ్చు, మీటర్‌తో చూసి రాసిపెట్టుకుని డాక్టర్‌కి చూపించండి. డోసు చాలకపోతే ఆ నూనె మోషన్ మళ్లీ వస్తుంది, సాధారణంగా పెద్ద భోజనానికి 40 నుంచి 50 వేల యూనిట్ల లైపేజ్ ఇస్తాం, నాన్నగారిది ఎంతో అడిగి తెలుసుకోండి. చాయ్ బిస్కెట్‌కి అంత అక్కర్లేదు.

రామంతాపూర్_సుబ్బారావు | ఆదివారం సాయంత్రం 7:40

నా సీటీ కూడా వచ్చింది, క్లోమం శుభ్రంగా ఉందన్నారు. మూడు నెలల తర్వాత బరువు చూసుకుని మళ్లీ రమ్మన్నారు. సాయీ, మీ నాన్నకి నా ఆశీస్సులు చెప్పు.

హన్మకొండోడు | ఆదివారం రాత్రి 8:15

రాయి ఎప్పుడు పొడి చేస్తరంట తమ్మీ? షాక్ కొట్టే రోజు ఖాళీ కడుపుతో ఉండాలె, ఇన్సులిన్ ఎంత వేసుకోవాలనో ముందే అడిగి పెట్టుకో. నేను ఆ రోజు మర్చిపోయి మామూలు డోసు వేసుకుని పోయిన, అక్కడ లో అయింది. తోడు ఎవలూ లేకపోతే నాకు ఫోన్ జెయ్యి, నేనొస్త.

దిల్‌సుఖ్‌నగర్_సాయి | ఆదివారం రాత్రి 8:30

వచ్చే గురువారం అన్నా. విటమిన్ డి రిపోర్టు రేపొస్తది, అది కూడా ఇక్కడనే పెడత.